అరవై గ్రాముల కత్తి

“కుడిచేతి వాళ్ళకా, ఎడమచేతి వాళ్ళకా?” అని అడిగింది షాపావిడ.

ఐర్లాండ్‌లో, మెయ్‌నూత్ అనే ఊళ్ళో వంటసామాన్ల షాపు అది. ఆఫీసులో తోటి అమ్మాయి కొత్తింట్లోకి మారుతోందని ఏదైనా కొనిద్దామని వెళ్ళాను. అద్దాల బీరువాలో జపాన్ కత్తులు వరసగా పెట్టి ఉన్నాయి. వాటిలో చిన్నదాన్ని చూపించమన్నాను. ఆవిడ తాళం తీస్తూ మామూలుగా అడిగిన ప్రశ్నే అది. నేను మాత్రం కత్తి వద్దని చెప్పేశాను. చివరికి ఒక పూలకుండీ కొనుక్కుని బయటపడ్డాను. కత్తి కోసం వెళ్ళి పూలకుండీతో రావడమేమిటని మా ఆయన నవ్వాడు. ఆయనకి ఆంటీ గురించి నేనెప్పుడూ చెప్పలేదు. ఆవిడ గురించి చెబితే నా తప్పు గురించీ చెప్పాలి, అందుకని.

ఆవిడ పేరు రాయను. రాసినా ఉపయోగం లేదు. తను పనిచేసే నర్సింగ్ హోమ్‌లో, అంటే ఇక్కడి వృద్ధాశ్రమంలో, ఆ పేరుని సగానికి కుదించి పిలిచేవాళ్ళు, నేనైతే అసలు పేరుతో పిలిచిందే లేదు. ఇక్కడ మనవాళ్ళలో వయసులో పెద్దవాళ్ళంతా ఆంటీలూ అంకుల్సే కదా. నా పెళ్ళికి ముందు, ములింగార్ అనే ఊళ్ళో ఒక అద్దె ఇంట్లో మేడ మీద రెండు గదులుండేవి, ఒకటి ఆవిడది, ఒకటి నాది. కింద వంటగది, ఒక సోఫా పట్టే హాలు. ఆవిడది బాపట్ల వైపు. సౌదీలో ఏళ్ళ తరబడి నర్సుగా చేసి, యాభై దాటాక ఐర్లాండ్ వచ్చింది. నాది కరీంనగర్. సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని, అంటే ఇంకొకరు రాసిన ప్రోగ్రాములో తప్పులు పట్టడం నా ఉద్యోగం. ఆఫీసు వేళ అయిపోయాక కూడా ఆ గుణం నన్ను వదిలేది కాదు.

కరోనా మొదలయ్యాక వచ్చిన మొదటి చలికాలం. ఇంటి నుంచి అయిదు కిలోమీటర్లు దాటకూడదని రూలు. రౌండ్‌అబౌట్ దగ్గర గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, కార్లు ఆపి, ఎక్కడికి, ఎందుకు అని అడిగేవాళ్ళు. ఆంటీ దగ్గర నర్సింగ్ హోమ్ వాళ్ళిచ్చిన ఉత్తరం ఉండేది కాబట్టి ఆవిడ వెళ్ళొచ్చు. నాకు ఉత్తరమూ లేదు, వెళ్ళాల్సిన చోటూ లేదు. పొద్దున మంచం మీంచి లేచి రెండడుగులు వేస్తే ఆఫీసు, సాయంత్రం రెండడుగులు వెనక్కి వేస్తే ఇల్లు. కిటికీలోంచి చూస్తే ఎదురింటి గోడ, గోడ మీద ఒక పిల్లి. అయిదు కిలోమీటర్లు దాటినా అడిగేవాళ్ళు లేని ఆ పిల్లి మీద నాకు నిజంగానే కుళ్ళుగా ఉండేది.

ఆంటీ డ్యూటీ నుంచి ఎప్పుడూ వెనక తలుపులోంచే వచ్చేది. యూనిఫాం విప్పి వాషింగ్ మెషీన్‌లో పడేసి, తలస్నానం చేసి, పట్టుకున్న గడియలూ స్విచ్‌లూ తుడిచేదాకా నేను పైనే ఉండాలి. అన్నీ అయ్యాక “దిగి రా అమ్మాయ్!” అని కేక వేసేది. మెట్ల మీద నా అడుగుల చప్పుడు వినగానే, “ఆగాగు, మాస్కు పెట్టుకున్నావా?” అనేది. తనకేమైనా అంటుకుందేమో, తన నుంచి నాకు అంటుకుంటుందేమోనని ఆవిడకి ఎప్పుడూ భయమే. అయినా ఒకే కూర గిన్నెలోంచి ఇద్దరం తినేవాళ్ళం. నీది నువ్వు వండుకో, నాది నేను వండుకుంటాను అనే మాట ఆవిడ నోట ఒక్కసారీ రాలేదు.

వంట మొదలుపెట్టే ముందు ప్రార్థన చేసేది. అందులో ఆ రోజు కూరగాయల్ని కూడా కలుపుకునేది. “తండ్రీ, ఇది ముల్లంగి కాదు, బీట్‌రూటూ కాదు, ఇదేందో నీకే తెలియాల. సాంబార్లో వేస్తన్నాను, కాస్త చూసుకో” అని కళ్ళు మూసుకుని చెప్పేది. అది టర్నిప్పు. ఇక్కడ చలికాలమంతా దొరికేది అదే. నేను నవ్వు ఆపుకోలేక ఫ్రిజ్ వైపు తిరిగేదాన్ని. “నవ్వితే నవ్వావులే, రేపు రెండోసారి పోసుకునేది నువ్వే” అనేది కళ్ళు తెరవకుండానే. నిజంగానే పోసుకునేదాన్ని.

నర్సింగ్ హోమ్‌లో ఉండే ముసలివాళ్ళందరికీ ఆవిడ మన వరసలు పెట్టేసింది. పొట్టి తాత, రేడియో తాత, గుడ్డి బాబాయి. వాళ్ళల్లో ఒకావిడని మాత్రం వట్టి ‘మామ్మ’ అనేది. పెద్దగా బరువుండని, జ్ఞాపకం పూర్తిగా పోయిన మనిషి. ఆంటీని రోజూ కొత్తగా చూసి, ఏ ఊరమ్మా నీది అని అడిగేది. ఆంటీ రోజూ బాపట్ల అని చెప్పేది. “అది కెర్రీ వైపేనా అంటదమ్మాయ్. అవునని చెప్పేశాను. ఆ కాసేపూ సంతోషంగా ఉంటది” అని నాకు చెప్పి తనే నవ్వుకునేది. కెర్రీ ఇక్కడి ఒక జిల్లా. ఆ మామ్మ కూతురు వారానికోసారి వచ్చి కిటికీ అవతల నిలబడి చూసి వెళ్ళేది. లోపలికి ఎవరినీ రానివ్వని రోజులు కదా. ఆ రోజు మామ్మ జుట్టు దువ్వి, క్లిప్పు పెట్టి కిటికీ దగ్గర కూర్చోబెట్టే పని ఆంటీ ఎవరికీ ఇచ్చేది కాదు.

ఎలా ఉన్నారని ఎవరడిగినా “గ్రాండ్” అనేది. బాగానే ఉన్నానని చెప్పడానికి ఇక్కడ వాడే మాట, ఈ దేశం వచ్చి మొదట నేర్చుకున్నది అదేనట. పన్నెండు గంటలు నిలబడి వచ్చినా గ్రాండే, తమ్ముడు పోయాడని ఊరి నుంచి ఫోన్ వచ్చిన రోజు పక్కింటావిడ పలకరించినా గ్రాండే. ఆ రోజు నాకు కోపం వచ్చి, నిజం చెప్పొచ్చు కదా అన్నాను. “చెబితే ఆమె మాత్రం ఏం చేసుద్ది అమ్మాయ్, గోడ అవతల నిలబడి” అంది. 

ఆవిడ తరిగిన ముక్కలు చూడాలి. బీన్స్ అయినా, క్యారెట్ అయినా కొలబద్ద పెట్టి కోసినట్టు ఉండేవి. ముక్క హెచ్చుతగ్గులైతే ఒకటి ఉడికి ఇంకొకటి మొండికేస్తుందని, అలాంటి కూర తన పిల్లలకి కూడా పెట్టలేదని చెప్పేది. అయితే ఆవిడ చిన్నప్పటి నుంచీ తరిగింది కత్తిపీట మీద. “అక్కడ కత్తి కదలదమ్మాయ్, కూరగాయ కదులుద్ది. ఇక్కడేమో కూరగాయ కూర్చుంటే మనం కత్తిని తిప్పాల” అని విసుక్కునేది. ఇంటి ఓనరు వదిలేసిపోయిన కత్తి ఒకటే ఉండేది మాకు. మాంసం కొట్టుకి సరిపోయేంత బరువుంటుంది. దానితో టర్నిప్పు కోసినప్పుడు ఆవిడ పైపెదవి మీద చెమట పట్టేది. వయసు మీద పడుతోంది కాబోలు అనుకునేదాన్ని. అంతకంటే నాకేం తట్టలేదు.

జనవరిలో ఒకరోజు అడిగింది. “నాకో చిన్న కత్తి చూసి పెట్టమ్మాయ్. తేలిగ్గా ఉండాల. మా హోమ్ కిచెన్‌లో ఫిలిప్పీన్స్ పిల్ల దగ్గర జపాన్‌ది ఒకటుంది. దాంతో మామ్మకి యాపిల్ కోసిచ్చాను. చేతిలో ఉన్నట్టే లేదు!”

నాకు పండగే అయింది. ఆ రోజుల్లో ఏ పని దొరికినా పండగే. పొడవు, బరువు, ఉక్కు రకం, పిడి కట్టె అని కాలమ్స్ పెట్టి ముప్ఫై ఒక్క కత్తులతో పట్టిక తయారుచేశాను. కార్బన్ ఉక్కువి ముందే కొట్టేశాను, మన చింతపండు పులుసుకీ నిమ్మరసానికీ అవి గంటలో తుప్పు పడతాయి. ఇరవై సెంటీమీటర్ల దాన్ని చూపిస్తే, “యుద్ధానికా?” అంది. వెడల్పుగా ఉన్నదాన్ని చూపిస్తే, “అట్లకాడలాగా ఉంది, వద్దు” అంది. సన్నటి చిన్న కత్తుల్ని పెట్టీ అంటారని నేను చెబితే, “పేరులోనే పెట్టె ఉంది, దాచుకోడానికి బాగుంటది” అని నన్ను ఏడిపించింది.

పొడవు తెరమీద తెలియడం లేదంటే ఓట్స్ డబ్బా అట్టని కత్తుల ఆకారంలో కత్తిరించి ఇచ్చాను. తొమ్మిది, పన్నెండు, పదిహేను సెంటీమీటర్లవి. ఆవిడ బల్ల ముందు కూర్చుని, మూడు అట్టకత్తులతోనూ వట్టి గాలిని సీరియస్‌గా తరిగి పన్నెండుని ఖాయం చేసింది. ఇక బరువు. అరవై గ్రాములంటే ఎంత అని అడిగింది. కాటా బల్ల మీద పెట్టి ఇంట్లో ఉన్నవన్నీ తూచాం. అగ్గిపెట్టె చాలలేదు, టీవీ రిమోట్ ఎక్కువైంది. చివరికి కోడిగుడ్డు సరిగ్గా సరిపోయింది. ఆవిడ ఆ గుడ్డుని కుడి అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసింది. తర్వాత ఎడమ చేతిలోకి మార్చుకుంది. “ఈ మాత్రం మొయ్యగలను” అంది. అప్పుడైనా నాకు అనుమానం రావాలి. నేను పట్టికలో మిగిలిన ఆరింటిని రంగుతో నింపుకునే పనిలో ఉన్నాను.

ఆ ఆరింటిలో ఆవిడ మనసు పడ్డదానికి అంచుని ఒకవైపే ఎక్కువగా సాన పట్టి ఉంటారు. పిడి కూడా ఒకపక్క ఉబ్బి, మూసిన వేళ్ళలో ఇమిడేలా ఉంటుంది. అందుకని కొనేవాళ్ళు ఏ చేతివాటమో చెప్పాలి. అదే అడిగాను.

“కుడి” అంది ఠక్కున. “అడగాలా? నేనేమన్నా పుర్రచేతి వాటందాన్నా?”

ఇది జరిగిన మూడో రోజో నాలుగో రోజో, మీటింగు మధ్యలో టీ పెట్టుకుందామని ఆవిడ కేక వెయ్యకుండానే కిందికి దిగాను. ఆంటీ నాకు వీపు చూపించి నిలబడి బీన్స్ తరుగుతోంది. ఓనరు కత్తి ఎడమ చేతిలో ఉంది. కుడి చెయ్యి స్వెటర్ జేబులో ఉంది. పలక మీద ముక్కలు ఒకటి గోరంత, ఒకటి వేలంత. నా అలికిడికి ఉలిక్కిపడి కత్తిని గబుక్కున కుడి చేతిలోకి మార్చుకుంది. ఆ చెయ్యి దాన్ని పట్టుకోలేకపోయింది. కత్తి జారి ఆవిడ కాలికి బెత్తెడు దూరంలో పడింది.

“చెయ్యికేమైంది ఆంటీ?”

“గ్రాండ్. ఏం కాలేదు, నీళ్ళ చెయ్యి.”

“నీళ్ళ చెయ్యేంది? ఎన్ని రోజుల సంది ఇట్లుంది? నాకెందుకు చెప్పలే?”

ఆ చేతిని బల్ల మీద పెట్టింది. బొటనవేలి మొదట్లో వాచి ఉంది. మణికట్టు తిప్పలేదు, సీసా మూత తియ్యలేదు, చొక్కా గుండీ పెట్టుకోలేదు. అక్టోబరు నుంచీ అంతేనట. ముసలివాళ్ళని పక్కకి తిప్పీ, లేపీ, కూర్చోబెట్టీ అలా అయింది. రూలు ప్రకారం ఒక్కో మనిషిని ఇద్దరు పట్టుకుని లేపాలి. సగం మంది స్టాఫు కరోనా వచ్చి ఇళ్ళల్లో కూర్చుంటే రెండో మనిషి ఎక్కడ? గదిలో పట్టీ కట్టుకుని, డ్యూటీకి వెళ్ళేముందు విప్పేసి వెళుతోంది.

“మరి మేనేజర్‌కు చెప్పుండ్రి.”

“చెబితే?” అంది. “నా వర్క్ పర్మిట్ ఆ హోమ్ పేరు మీదే ఉందమ్మాయ్. ఇంకా తొమ్మిది నెలలు వాళ్ళ దగ్గరే చెయ్యాల, ఆ తర్వాతైతే ఎక్కడైనా చేసుకోవచ్చు. ఈ చేత్తో నన్నెవరు ఉంచుకుంటారు? ఇంటికి పొమ్మంటే నా చిన్నదాని చదువు మధ్యలో ఆగుద్ది. తొమ్మిది నెలలే. ఈడ్చుకొస్తాను.”

నేను ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. “ఎవరన్నా పడిపోతే?” అన్నాను.

ఆవిడ ముఖం మారిపోయింది. “ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఒక్క మనిషిని పడెయ్యలేదు నేను. ఆ కత్తి కుడిచేతిదే తెప్పించు. తేలిగ్గా ఉంటే ఈ చేతికి కాస్త రెస్టు దొరుకుద్ది, తగ్గిపోద్ది. ఈ సంగతి ఎక్కడా చెప్పమాక” అని, కిందపడిన కత్తి తీసి కడిగి, మిగిలిన బీన్స్ నా ముందే కుడిచేత్తో కోసింది. ఒక్కో బీన్‌కీ ఎంత సేపు పట్టిందో నాకు తెలుసు. నా మీటింగు అయిపోయింది, ఆవిడ బీన్స్ అవ్వలేదు.

ఆ సాయంత్రం నేను కత్తి ఆర్డరు పెట్టాను. ఎడమచేతిది.

మంచి పని చేస్తున్నానని అనుకున్నాను. ఇన్నేళ్ళ తర్వాత నిజం ఒప్పుకుంటాను. రెండు చేతులకూ సరిపోయే కత్తులు నా పట్టికలోనే నాలుగైదు ఉన్నాయి. గుండ్రటి పిడి, రెండువైపులా సాన, అంతే తేలిక. ఏదో ఒకటి కొని బల్ల మీద పెట్టి ఉంటే ఆవిడ ఏ చేత్తో కావాలంటే ఆ చేత్తో కోసుకునేది, ఎవరూ ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. నాకది చాలలేదు. తప్పు పట్టాను కదా, అది ఒప్పించాలి. ఆ బుద్ధిని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఎడమచేతివి చేయించి పంపాలట, అందుకని మూడు వారాలు పట్టింది. పార్సిల్ వచ్చిన రోజు ఆవిడకి సెలవు. డబ్బా విప్పి కత్తిని ఆవిడ చేతికివ్వబోతే, “ఆగు, చేతికియ్యకూడదు, పోట్లాటలొస్తాయి. కింద పెట్టు” అంది నవ్వుతూ. బల్ల మీద పెట్టాను. ఆవిడ కుడిచేత్తో తీసుకుంది. వేళ్ళు మూసింది. పిడి ఉబ్బు అరచేతిలో తప్పుడు వైపు గుచ్చుకుంది. తిప్పి చూసింది. అంచుని వెలుతురులో పెట్టి చూసింది. మరీ అంత తెలివైన మనిషి కాకపోయి ఉంటే బాగుండేదనిపించింది నాకు.

“ఇది ఎవరికి తెప్పించావమ్మాయ్?”

“మీకే ఆంటీ. మీరు ఆ చేత్తోనే కోస్తున్నరు కదా.”

“పుర్రచేత్తో కోసి, ఆ కూర నీకు పెట్టానంటున్నావా?” అంది. గొంతు పెద్దది చెయ్యలేదు. “నేను పుర్రచేత్తో మంచినీళ్ళు ఇచ్చినా మా అమ్మ కొట్టేది. ఎన్నాళ్ళ నుంచి నా కంచం చూస్తన్నావు నువ్వు? ఈ కత్తి ఇంట్లో ఉంటే నా కుడిచెయ్యి చచ్చిపోయిందని రాసి గోడకి పెట్టినట్టే. అది చూసుకుంటా వండుకోమంటావా?”

కత్తిని డబ్బాలో పెట్టి, పైన ప్రెస్‌లో గిన్నెల వెనక్కి తోసేసి తన గదికి వెళ్ళిపోయింది. వంటగది అలమరని ఇక్కడందరూ ప్రెస్ అంటారు, ఆవిడా అలాగే అనేది.

తర్వాత పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇంకెప్పుడైనా అయితే బస్సెక్కి డబ్లిన్‌లో స్నేహితురాలి దగ్గరికి పోయేదాన్ని. ఎక్కడికి పోను? ఆ ఇంట్లో ఒకరి దగ్గు ఇంకొకరికి వినిపిస్తుంది. మెట్ల మీద ఎదురైతే ఇద్దరం గోడకి అంటుకుపోయి దారి ఇచ్చుకునేవాళ్ళం. చూసేవాళ్ళకి కరోనా జాగ్రత్త అనిపించేది. ఆవిడ కూర వండి, నా వాటా గిన్నెలో పోసి మూతపెట్టి ఉంచడం మాత్రం మానలేదు. ముక్కలు సమానంగా ఉండేవి. ఎంత నొప్పి ఓర్చుకుని అలా కోసిందో ఆలోచిస్తూ తినేదాన్ని. సారీ రాసి తలుపు కింద నుంచి తోశాను. చీటీ అలాగే వెనక్కి వచ్చింది. పిచ్చెక్కినట్టు ఉండేది. గోడ మీద పిల్లిని చూసి ఏడ్చిన రోజు కూడా ఉంది.

పన్నెండో రోజు పొద్దున తొమ్మిదింటికి నైట్ డ్యూటీ నుంచి వచ్చింది. యూనిఫాం విప్పలేదు, స్నానం చెయ్యలేదు. అలాగే వంటగదిలో కుర్చీ లాక్కుని కూర్చుని, “అమ్మాయ్, ఒకసారి రా” అని పిలిచింది. దిగి వచ్చి గుమ్మంలో నిలబడ్డాను.

“మామ్మని జారవిడిచాను” అంది.

మంచం మీంచి లేపి కుర్చీలో కూర్చోబెడుతోందట. తోడుగా రావాల్సిన పిల్ల ఇంకో గదిలో ఇరుక్కుపోయింది. మామ్మ నడుం దగ్గర బెల్టు పట్టుకుని లేపింది. సగంలో కుడిచెయ్యి వదిలేసింది. “నేను వదల్లేదమ్మాయ్, అదే వదిలేసింది” అని రెండుసార్లు చెప్పింది. మామ్మ జారిపోతుంటే తను కింద కూలబడి ఒళ్ళోకి తీసుకుంది. దెబ్బ తగల్లేదు. మామ్మ ఆవిడ ఒళ్ళో కూర్చుని, ఏ ఊరమ్మా నీది అని అడిగిందట.

“ఎవరన్నా చూసిన్రా?”

“ఎవరూ చూళ్ళేదు. అదే భయంగా ఉంది నాకు. ఎవరూ చూళ్ళేదులే అని లేచి, దుప్పటి సర్ది, చార్టులో అంతా బాగుందని రాయబోయాను. పెన్ను పట్టుకున్నాను కూడా. ఇంతకాలం నర్సుగా చేసి నేను అట్టా అయిపోయానమ్మాయ్.”

నాకు దగ్గరికి వెళ్ళి పట్టుకోవాలనిపించింది. యూనిఫాం ఇంకా ఒంటి మీదే ఉందని ఆవిడే చెయ్యి అడ్డం పెట్టింది. ఇద్దరం అలాగే దూరంగా ఉండి ఏడ్చాం. ఆ రోజుల్లో అందరూ అలాగే ఏడ్చారనుకుంటాను.

స్నానం చేసి వచ్చి, స్టూలు వేసుకుని ఎక్కి ప్రెస్‌లోంచి డబ్బా దించింది. బల్ల మీద ఉల్లిపాయ పెట్టి, ఆ కత్తిని ఎడమచేత్తో పట్టుకుంది. పిడి వేళ్ళలో సరిగ్గా ఇమిడింది. నా వంక చూడకుండా, ఉప్మాలోకి ఉల్లిపాయ, అల్లం, పచ్చిమిరపకాయలు తరిగింది. ముక్కలు నానా రకాలుగా వచ్చాయి. “ఇట్టా ఉంటే తింటావా?” అని అడిగింది. తింటానన్నాను. “అయితే మధ్యాహ్నం నాతోపాటు హోమ్ దాకా రా. ఒక్కదాన్నే పోతే దారిలో వెనక్కి తిరిగొస్తానేమో” అంది.

తర్వాత సంగతి ముందే చెప్పేస్తాను. ఆవిడకి మర్నాటి నుంచే సెలవు పెట్టించారు. జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు, ఆపరేషన్ కావాలని రాశాడు, ఆస్పత్రుల్లో కరోనా తప్ప ఇంకేమీ జరగని కాలం, పేరు జాబితాలో ఎక్కడో అడుగున పడింది. మేనేజరు చెడ్డమనిషి కాదు, కుర్చీలో కూర్చుని చేసే పని ఏదైనా ఉంటుందేమోనని వెతికింది. లేదు. పర్మిట్ ముగిసేదాకా ఆ ఇంట్లోనే, నా గదికి ఎదురు గదిలో, ఇంకొకరి దేశంలో పని లేకుండా కూర్చుంది. ఎడమచేత్తో ఇద్దరికీ వండింది. ముక్కలు చివరిదాకా సమానంగా రాలేదు. విమానాలు తిరగడం మొదలయ్యాక, కత్తిని పెద్ద పెట్టెలో చీరల మధ్య చుట్టుకుని వెళ్ళిపోయింది. కొన్నాళ్ళు ఆదివారాలు వాయిస్ మెసేజీలు వచ్చేవి. కూతురి చదువు ఆగిందో లేదో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. తర్వాత ఆ మెసేజీలు కూడా ఆగిపోయాయి. నేను నోరు మూసుకుని ఉంటే ఆ తొమ్మిది నెలలు ఎలాగో గడిచిపోయేవా, లేక ఏదో ఒక పొద్దున మామ్మ నేల మీద పడి ఉండేదా అని ఎన్నిసార్లు లెక్క వేసినా నాకు తేలలేదు.

ఆ మధ్యాహ్నం మాత్రం ఇద్దరం నడిచే వెళ్ళాం, మూడు కిలోమీటర్లు. మంచు తుంపర పడుతోంది. ఆవిడ లోపలికి వెళ్ళాక నేను కార్లు పెట్టే చోట ముప్పావుగంట నిలబడ్డాను. బయటికి వచ్చేటప్పటికి లాకర్లో ఉంచుకున్న రెండో యూనిఫాం చేతిలో కవర్లో మడిచి ఉంది, మాస్కు తడిసిపోయి ఉంది. గేటు దాటాక నేనే అడిగాను.

“ఏమన్నరు ఆంటీ?”

“ముందు కూర్చోమంది. కాఫీ ఇచ్చింది. ముందే ఎందుకు చెప్పలేదని తిట్టింది. ఇక రేపట్నుంచి రావద్దంది.” కొంచెం దూరం నడిచాక మళ్ళీ అంది, “మామ్మ గదికి కూడా వెళ్ళొచ్చానమ్మాయ్. ఆమెకీ చెప్పాలిగా. పొద్దున నిన్ను జారవిడిచింది నేనే, చెయ్యి బాగోలేదని ఇన్నాళ్ళూ దాచాను, మనసులో పెట్టుకోకు అన్నాను.”

“ఏమన్నది?”

ఆంటీ రోడ్డు పక్కన ఆగిపోయింది.

“నన్ను గుర్తుపట్టలా. చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుని, చెవిలో చెప్పింది. పొద్దున ఒక నర్సు నన్ను జారవిడిచిందమ్మా, మంచి పిల్ల, కావాలని చెయ్యలేదు, నువ్వు పోయి ఆఫీసులో చెప్పేవు సుమా, పాపం ఎక్కడినుంచో వచ్చింది, దాని పని పోద్ది, అంది.”

“మీరేం చెప్పిన్రు?”

“చెప్పనులే మామ్మా, అని మాటిచ్చొచ్చాను” అంది ఆంటీ.